ఆంగ్లవాక్యమునకు స్థానమే విభక్తి

(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రామపు లెక్కలు వ్రాసికొను నన్ను ఆంగ్లవాక్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరుట సాహసము. నేనంగీకరించుట మరింత సాహసము. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురుకులము. అయినను, ఒక తప్పు చేసి నేర్చుకొన్న సంగతి యగుటచే ధైర్యముగా విన్నవించుచున్నాను.

నా యౌవనమున మా వీధిలోని యొక వృద్ధురాలి ఆవును పొరుగువారి ఎద్దు కుమ్మినది. తెలుగు రాని అధికారికి అర్జీ పెట్టవలసి వచ్చెను. ఆంగ్లమున క్రియ నడుమ నుండునని మాత్రము నేను వినియుంటిని. నిఘంటువు ముందిడుకొని, ఆవును మొదట, కుమ్ముటను నడుమ, ఎద్దును చివర నిలిపితిని. అధికారి చదివి, మా ఆవే వారి ఎద్దును కుమ్మినదని గ్రహించెను! "దెబ్బ తిన్నదీ నా ఆవే, తప్పు చేసిందీ నా ఆవేనా నాయనా?" అని ఆ ముసలమ్మ నన్నడిగెను. అర్జీని సరిచేయించి మరల నిచ్చితిమి గాని, ఆ మాట నేటికిని నా చెవుల మ్రోగుచునే యున్నది.

తప్పెచ్చట జరిగినది? "ఆవును ఎద్దు కుమ్మెను" అన్నను, "ఎద్దు ఆవును కుమ్మెను" అన్నను మనకు అర్థమొక్కటియే. ద్వితీయావిభక్తి యగు 'ను' ఎచ్చట నున్నను కర్మను పట్టియిచ్చును. పద్యమున పదములెంత చెదరినను అన్వయము కుదురుట యిందువలననే. ఆంగ్లనామములకును వేయేండ్ల క్రిందట విభక్తి ప్రత్యయములుండెడివి. కాలక్రమమున నవి అరిగిపోయినవి. ఇప్పుడు స్థానమే విభక్తి. క్రియకు ముందున్నది కర్త, తరువాత నున్నది కర్మ. "ది బుల్ గోర్డ్ ది కౌ" అనవలెను. స్థానము తారుమారైన నేరమే తారుమారగును.

మరి మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. "అతడు వైద్యుడు" అన్న మనకు క్రియ లేకయే వాక్యము పూర్తియగును. ఆంగ్లమున "హి ఈజ్ ఎ డాక్టర్" అని 'ఈజ్' చేర్చకున్న వాక్యము కుంటువడును. "వచ్చితిని" అను నొక్క క్రియలోనే 'నేను' ఇమిడియున్నది. ఆంగ్లమున "ఐ కేమ్" అని కర్తను వేరుగ చెప్పవలెను. "ది బాయ్ రీడ్స్", "ది బాయ్స్ రీడ్" అను వాక్యములు చూడుడు: బాలుడొక్కడైన సకారము క్రియకు, పలువురైన కర్తకు.

పద్యమునకు అన్వయము చెప్పునపుడు మనమడుగు ప్రశ్నలే యిచ్చటను దారి చూపును. క్రియ యేది? చేసినవారెవరు? దేనిని చేసిరి? ఈ మూడింటికి సమాధానములు దొరికిన పిమ్మట చేసినవారిని, క్రియను, కర్మను వరుసగా నిలుపుడు. సరళవాక్యము సిద్ధమగును.

తెలుగు మాతృభాష కాని బ్రౌనుదొర మన భాష నేర్చి, 1840లో దానికి వ్యాకరణమును, 1852లో నిఘంటువును వెలువరించెను. ఆయనకు సాధ్యమైనది మన పిల్లలకు సాధ్యము కాదా? చిరంజీవులారా! దినమునకు అయిదు వాక్యములు, మీ ఇంటిని గూర్చియో పొలమును గూర్చియో వ్రాయుడు. తప్పు వచ్చిన సిగ్గుపడకుడు. పెద్దలకు చూపి దిద్దుకొనుడు. మరియొకరి అర్జీ వ్రాయవలసిన దినము మీకును రావచ్చును. నాడు మీ కలము నిరపరాధిని దోషిగా నిలుపకుండుగాక!