మా వసారాకు బండల మిద్దె



ఈ వేళ నేను వంట గురించి గాని, కుట్టు గురించి గాని మాట్లాడబోవడం లేదు. మా ఇంటి వెనుక వసారాకు మేమే బండలు పరుచుకున్న సంగతి చెబుతాను. ఆడవాళ్లకు మిద్దెతో ఏం పని అని నవ్వకండి. కారే ఇంట్లో కారే చోటల్లా గిన్నెలు పెట్టేది ఎవరు చెప్పండి?

2021 నవంబరు వానలను మా రాజంపేట వాళ్లు మరచిపోలేరు. ఆ నెల 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు మునిగాయి. మనుషులే కొట్టుకుపోయిన చోట మా కప్పు కారిందని చెప్పుకోవడం సిగ్గే. అయినా ఆ రాత్రి వసారాలో పడుకున్న మా అత్తమ్మ తలవైపు మిద్దె మట్టి బురదై రాలింది. పొద్దున చూస్తే రెండు దంతెలు పుచ్చిపోయి ఉన్నాయి. ఆ పైన రెండేళ్లు ప్లాస్టిక్ పట్ట కప్పి నెట్టుకొచ్చాము.

మా అబ్బాయి రేకులు వేద్దామన్నాడు. "ఎండాకాలం నన్ను అప్పడం మాదిరి కాలుస్తారా నాయనా?" అన్నది అత్తమ్మ. మేస్త్రీని అడిగితే కూలి మా తాహతుకు మించి చెప్పాడు. సరే, పాత బండలు ఉండనే ఉన్నాయి, మనమే వేద్దాం అన్నాను. మావారు నా ముఖం వంక చూసి ఊరుకున్నారు.

మనం చిన్నప్పుడు రాసుకున్న మార్కాపురం పలక వేరు, మిద్దె మీది నాపరాయి వేరు. రెండూ పొరలుగా చీలుతాయి గనుక ఒకటే అనుకుంటాము. పలకరాయి బంకమట్టి నేలలో నలిగి గట్టిపడినది. హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా వైపు ఆ పలకలనే వాలు కప్పుల మీద ఒకదానిపై ఒకటి ఎక్కించి పరుస్తారు. మన నాపరాయి సున్నపురాయి జాతిది. అందుకే వంటగట్టు మీద చింతపండు పులుసు ఒలికితే మచ్చపడుతుంది, గమనించే ఉంటారు. మనకు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానే కాబట్టి పెద్దలు వాలు కప్పు జోలికి పోక చదును మిద్దెలే కట్టారు.

మా వసారా తొమ్మిదడుగుల చదరం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం గల బండలు పద్దెనిమిది పట్టాయి. ఒక్కొక్కటి యాభై అయిదు కిలోలకు తక్కువ ఉండదు. అంటే బండలే పది క్వింటాళ్లు, పైన నాలుగంగుళాల మట్టి మరో పన్నెండు. ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నాకు చెమట పట్టింది. అందుకని దూలాలనూ దంతెలనూ తెలిసిన వడ్రంగి చేత చూపించి, పుచ్చినవి మార్పించాము. ఆ ఒక్క పనీ మీరు సొంతంగా తేల్చుకోవద్దు.

బండను సుత్తితో మెల్లగా తట్టాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే లోపల చీలిక ఉన్నట్లు. అలా మూడు తీసేసి, బదులు కొన్నాము. రెండు చెక్కలు ఏటవాలుగా ఆనించి, తాళ్లు కట్టి, మావారూ మా మరిదీ అబ్బాయీ పక్కింటాయనా పైకి లాగారు. లాగేటప్పుడు చెక్కల కింద పిల్లలు గాని, పెద్దలు గాని ఉండరాదు. అత్తమ్మను ఆ రోజు పక్కింట్లో కూర్చోబెట్టాము.

నా తప్పు కూడా చెప్పాలి. అయిదో బండ పరిచాక అది కొంచెం ఊగింది. "బరువుకు అదే సర్దుకుంటుందిలే" అన్నాను. అబ్బాయి దాని మీద కాలు పెట్టాడో లేదో, నడిమికి పటుక్కున విరిగింది! వాడు పక్క దంతెను పట్టుకుని నిలబడ్డాడు గాని నా గుండె జారిపోయింది. తీసి చూస్తే నడిమి దంతె మీద గోలీకాయంత గులకరాయి. బండ రెండు కొనలా నడిమినా సమంగా ఆనాలి. ఆ రోజు పని ఆపేశాము. మర్నాడు ప్రతి దంతెనూ చీపురుతో ఊడ్చిన తరువాతనే బండ దించనిచ్చాను. కొన ఆనే చోట దంతె మీద రెండు బండలకూ చెరి సగం చోటు దక్కేలా చూసుకున్నాము.

సందులకు ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇటుకపొడీ ఇసుకా కలిపి కూరాను. వెనకటి వాళ్లు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారు. నేను బెల్లంతో సరిపెట్టాను. సున్నం చేతులను తినేస్తుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి.

దాని మీద చౌడు. పైరు పండని ఆ మట్టే మిద్దెకు ప్రాణం. అందులోని సోడియం వల్ల తడవగానే బంక విచ్చుకుని సన్నటి రంధ్రాలన్నీ మూసుకుంటాయి, నీరు దిగదు. గడ్డి కూడా సరిగా మొలవదు. దిమ్మిసతో కొట్టి, గొట్టం వైపుకు రెండంగుళాల వాటం ఉంచాము. ఏటా వానలకు ముందు మళ్లీ కొంచెం చల్లుకోవాలి.

మొదటి వానకు రాత్రంతా లాంతరు పట్టుకుని కూర్చున్నాను. ఈశాన్యం మూల గోడ మీద అరచేయంత చెమ్మ కనిపించింది. తెల్లవారి రెండు తట్టల చౌడు పోసి కొట్టాము. అత్తమ్మ మంచం తిరిగి వసారాలోకి వచ్చింది. అయితే తలవైపు మాత్రం ఇంకా ఆ మూలకు పెట్టనివ్వడం లేదు.