మెట్టసేద్యము – గతితప్పిన వానలు

(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యాభివృద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. ముప్పదియేండ్లు బాలురకు శబ్దములును రఘువంశమును చెప్పినవారము గావున అది మాకు సులభమైన పనియే. కాని మన సంఘమునకు చందా చెల్లించువారిలో పెక్కుమంది ఐదెకరములకు లోబడిన మెట్టరైతులు. వారి బిడ్డలు బడి మానుట చదువునందలి అరుచిచేత గాదు. పంట పోయిన యేట తలిదండ్రుల వెంట బెంగుళూరునకు వలసపోవుటచేత. కావున మూలమునుండియే మాటాడుటకు అనుజ్ఞ వేడుచున్నాము. మేమెఱిగినది అనంతపురపు మెట్ట. 2022 లో ఆ జిల్లా రెండుగా చీలినను రెంటి కష్టమును ఒక్కటియే.

ఈ సీమయందు ఏటికి కురియు సగటు వాన సుమారు 550 మిల్లీమీటరులు. నైరృతిపవనము పడమటికనుమలలో తన బరువు దించుకొని వట్టిచేతులతో వచ్చును; ఈశాన్యపవనము తూర్పుతీరముననే అలసిపోవును. తక్కువ వాన మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సీతాధ్యక్షుని విధులు చెప్పుచు, వర్షమును గొలుచు లెక్కను దెలిపి, ఏ దేశమున ఎన్ని ద్రోణములు కురియునో వివరించెను: మెట్టసీమలకు 16, అశ్మకదేశమునకు పదుమూడున్నర. ఆ అశ్మకము బోధను ప్రాంతపు తెలుగునేలయని పలువురు చరిత్రకారుల మతము. పిమ్మట ఆయన విత్తనములను మూడు తెగలుగా విభజించెను. వరి, ఆరికె, నువ్వు, కొఱ్ఱ మున్నివి ముందు విత్తవలసినవి. పెసర, మినుము నడుమ. ఉలవ, కుసుమ మొదలగునవి వెనుక. అనగా వాన ముందు వచ్చిన ఒకటి, వెనుక వచ్చిన మఱియొకటి. మన తాతలు అర్థశాస్త్రము చదువలేదు; చదువకయే అట్లు చేసిరి. వేపాకును బూడిదయు గలిపిన విత్తనపుకుండలు మూడు నాలుగు తఱులకు సరిపడునట్లు ఇంటింట నుండెడివి.

ఆ కుండలను ఖాళీచేసినది వేరుసెనగ. దానిని మేము నిందింపము. మా చదువునకు రూకలిచ్చినది అదియే. తిండివనమున 1940 లో విడుదలయైన టి.యం.వి. 2 రకము ఈ నేలను దశాబ్దములు ఏలినది. ఒకప్పుడు ఏడులక్షల హెక్టారులకు మించి ఈ పంట యొక్కటియే. ఒక పైరునే నమ్మినవాడు ఒక వానను నమ్మినట్లు. ఊడలు దిగు వేళ ఇరువదినాళ్లు వాన లేకున్న కాయ పట్టదు. పట్టిన కాయను పెఱుకు వేళ ముసురు పట్టెనా, గుత్తిరకములకు నిద్రావస్థ లేదు గావున భూమిలోనే మొలకెత్తును. పశువులకు దాచుకొనదగిన కట్టె కుళ్లును.

ఇప్పుడు ఈ రెండు కీడులును తఱచైనవి. 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని 2020 లో కేంద్రప్రభుత్వపు భూవిజ్ఞానశాఖవారు ప్రకటించిరి. బొగ్గును చమురును దహించుటచే పుట్టు వాయువు ఇందులకు ముఖ్యకారణము. నడుమ నడుమ వఱపులు, పడిన కుండపోతలు, రెండును హెచ్చుచున్నవి. మనకు 2018 లో కఱవు. 2021 నవంబరున వఱదలు. 2022 అక్టోబరున అనంతపురపట్టణపు వీథులలోనే నీరు పాఱినది. కొందఱు మిత్రులు ఇది అయనాంశదోషమనియు, కార్తెలు జరిగినవనియు మాతో వాదించిరి. కార్తెలు నక్షత్రములతో ముడివడియుండుటచే ఋతువులకును వానికిని తేడా పడుట నిజమే. కాని ఆ తేడా సుమారు 72 ఏండ్లకు ఒక్క దినము! పంచాంగకర్తలపై నేరము మోపి ప్రయోజనము లేదు.

వాన తప్పిన రైతునకు మొదట తోచునది బోరు. మేమును అందు నష్టపడినవారమే. ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్ముతో పిత్రార్జితమైన ఐదెకరములలో రెండు బోరులు వేయించితిమి. వరాహమిహిరుని దకార్గళాధ్యాయము వల్లించినవారము గావున చెట్టును పుట్టను చూచి జలము నిర్ణయింపగలమని గర్వించితిమి. మొదటిదానిలో ఆఱువందల అడుగులవఱకు రాతిదుమ్మే వచ్చినది. రెండవది రెండేండ్లు పాఱి మూడవ వేసవికి నిలిచిపోయినది. మన నేల క్రింద నున్నది గట్టిరాయి. దాని పగుళ్లలో నిలిచిన నీరే మనకు గల నిధి. దానిని పదిమంది తోడిన పదునొకండవవానికి దక్కదు. బావులను నమోదుచేయవలయునని 2002 లో చట్టము వచ్చినను బోరులారీల హోరు ఆగలేదు. దీనికి మన పెండ్లిచూపులును కొంత కారణము. వరుని గుణము విచారింపకముందే ‘పొలములో నీళ్లున్నవా?’ యని కన్యాదాత అడుగును. ఆ ప్రశ్నకు బదులుగా త్రవ్వబడిన ఎండుబోరులు మన ఊళ్లలో ఎన్నియో కలవు. సభలోని పెద్దలు మమ్ము మన్నింతురుగాక.

ఇక చిన్నరైతులు చేయుచున్న మార్పులను చెప్పెదము. ఒకప్పుడు పుష్యమి దాటినను పట్టుదలతో వేరుసెనగయే వేసెడివారు. ఇప్పుడు పుష్యమిలోగా పదును దొరకనిచో కొఱ్ఱకో సజ్జకో చేను విడుచుచున్నారు. కొఱ్ఱ తొంబది దినములలోపల చేతికి వచ్చును. ఇంకను ఆలస్యమైన ఉలవ. ‘ఉత్తర చూచి ఎత్తర గంప’ యను సామెతలోని గంప వలసగంప. ఉత్తరలో ఉలవ చల్లినవాడు ఆ గంపను కొంతకాలము దించియుంచును. వేరుసెనగ వేసినను ఏడెనిమిది సాళ్లకొక కందిసాలు, గట్టుచుట్టు ఆముదము పెట్టుచున్నారు. కంది వేరు లోతునకు బోవును గావున తోడిపైరు ఎండినను అది నిలుచును. వాలునకు అడ్డముగా గొడ్డుచాలు దీసినచో జడివాన పాఱిపోక అందులో ఇంకును. కొన్ని గ్రామములలో బోరుగలవారును లేనివారును గొట్టములతో నీరు పంచుకొని, ఇక క్రొత్తబోరు వేయమని కట్టుబాటు చేసికొనిరి. వరి మాని ఆరుతడిపైర్లు వేసిరి. పదివేల ఉపన్యాసములకంటె ఈ కట్టుబాటు గొప్పది.

పలురకముల విత్తనములకు పేడయు బంకమట్టియు బూడిదయు పట్టించి, వానకు ముందే పొడినేలలో చల్లి పైన గడ్డి కప్పుపద్ధతిని రైతు సాధికార సంస్థవారు వ్యాపింపజేయుచున్నారు. కొలదిపాటి తేమకే మొలకలు వచ్చి నేలను కప్పుట మేమును చూచితిమి. ఒక్క సందేహము మాత్రము మిగిలినది: కప్పుటకు గడ్డి యేది? ఎనుములకే చాలదు గదా! ఆకులతోను కంపతోను కొందఱు గడుపుచున్నారు గాని అందఱికి అది పొసగదు.

చిఱుధాన్యములనుగూర్చి ఒక కఠినసత్యము చెప్పక తప్పదు. ఐక్యరాజ్యసమితివారు 2023 ను చిఱుధాన్యముల వత్సరముగా ప్రకటించిరి. పట్టణములలో కొఱ్ఱబియ్యము సంచులలో వెలయెక్కి అమ్ముడగుచున్నది. పండించిన యింటిలో మాత్రము దానిని వండరు. ఏలన, కొఱ్ఱను సామను దంచి పొట్టు తీయుట ఆడువారి నడుములు విఱుచు పని. పొట్టు తీయు మర దగ్గఱ లేదు. వరి మరలు ఊరూర వెలయగా మన తల్లులు రోకలి వదలిరి, కొఱ్ఱయు వదలిరి. ఇందు వారి తప్పేమున్నది?

కావున సంఘమువారిని రెండు కోరుచున్నాము. కల్యాణమండపము మేడగదులకై పోషకులు వాగ్దానము చేసిన ధనములో కొంత పొట్టు తీయు మరకును, విత్తనపు గాదెకును మరలింపుడు. గాదెలోని విత్తనమును స్త్రీలే కాపాడవలయును. మానెడు తీసికొనినవారు పంట పండిన మానెడుంబావు చెల్లింపవలయును; పంట పోయిన మఱుసటి యేటివఱకు అడుగరాదు. పట్టాదారు పుస్తకము చూపుమనరాదు. మనలో కౌలుదారులే హెచ్చు. మేడగదులు ఒక్కయేడు ఆలస్యమైన పెండ్లిండ్లు ఆగవు, విత్తనము ఒక్కయేడు తప్పినచో మొలకెత్తు శక్తి తగ్గును.

ఈ తీర్మానము మధ్యాహ్నపు సభలో చర్చకు వచ్చును. పందిరి వాకిట మన సోదరీమణులు తెచ్చిన పండ్రెండు కుండలున్నవి: కొఱ్ఱ, సామ, ఆరికె, సజ్జ, పచ్చజొన్న, ఎఱ్ఱకంది, అనుము, అలసంద, ఉలవ, పెసర, నువ్వు, ఆముదము. వరిగవిత్తనము ఎవరి యింటను దొరకలేదు. ఎవ్వరికడనైన దోసెడున్నచో భోజనములకు ముందే మాకు తెలుపగోరుచున్నాము.