ఇంటి పంచాంగము – ఉమ్మడి లిపి



పంచాంగమును గూర్చి మాటలాడుమన్న నాకు సంతోషము. చేతిఫోనును గూర్చి మాటలాడుమన్న సంకోచము. నేడు ఈ రెంటిని గూర్చియు చెప్పవలసి వచ్చినది. నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు పండితుడనుగా పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట మా తాతగారివద్ద వ్యాకరణము కొంత, పంచాంగగణితము కొంత అభ్యసించితిని. యంత్రములలో నాకు పాండిత్యము లేదు. అయినను రెండేండ్ల క్రిందట మా యింట జరిగిన యొక సంగతి నన్నీ విద్యవైపు త్రిప్పినది.

నా భార్యకు గుండెలోని కవాటమును తీసి లోహపు కవాటము నమర్చిరి. అట్టివారు రక్తము గడ్డకట్టకుండుటకై జీవితాంతము మందు పుచ్చుకొనవలెను. మందు ఎక్కువైనచో రక్తస్రావము, తక్కువైనచో గడ్డ. కావున నియమముగా రక్తపరీక్ష చేయించి, ఫలితమును బట్టి మాత్రను సరిచేయించుకొనవలెను. ఈ తేదీలన్నియు మా అమ్మాయి నా ఫోనులో ఒక యాప్‌నందు వ్రాసిపెట్టినది. ఫోను మ్రోగును, నేను ఆమెను పరీక్షకు తీసికొనిపోవుదును. ఇట్లు మూడేండ్లు జరిగినది.

ఒకనాడు ఆ యాప్‌ను నడుపు కంపెనీ దానిని మూసివేసినది. ముందుగా నోటీసు పంపిరట. అది ఇంగ్లీషు ఉత్తరముల గుట్టలో కలిసిపోయినది. ఫోను మ్రోగుట మానినది. మ్రోగని ఫోనును చూచి, ఇంకను గడువు రాలేదు కాబోలునని నేననుకొంటిని. ఏడు వారములు గడచినవి. ఒక ఉదయము ఆమె పండ్లు తోముకొనుచు నన్ను పిలిచినది. చిగుళ్ల నుండి రక్తము కారుచున్నది, ఆగుటలేదు. వైద్యులు చూచి, "మాస్టారూ, ఇంకొక వారము ఆలసించియుండిన ఏమయ్యెడిదో చెప్పలేము" అనిరి. దైవకృపవలన ఆమె కోలుకొన్నది. కాని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మా నాయనగారికి ఎర్రగుడ్డ అట్టవేసిన పుస్తకమొకటి యుండెడిది. అందు తద్దినముల తిథులు, శిస్తు కట్టవలసిన నాళ్లు, ఆవు కట్టిన దినము, అప్పుల గడువులు అన్నియు వ్రాసికొనెడివారు. ఆయన పోయిన పిమ్మట ఆ పుస్తకమును నేను చదువగలిగితిని. నా తరువాత మా అమ్మాయియు చదువగలదు. ఏలయన, వ్రాత ఆయనది, పుస్తకము ఆయనది, లిపి మాత్రము అందరిది. నా ఫోనులోని వ్రాతయో? దాని లిపి ఆ యొక్క కంపెనీకే తెలియును. వారు తలుపు మూసిన నాడు నా యింటి తేదీలు వారి గదిలోనే యుండిపోయినవి. నేను పోగొట్టుకొన్నది యంత్రమును కాదు, ఉమ్మడి లిపిని.

అట్టి ఉమ్మడి లిపి లేదా యని నా పూర్వశిష్యుడొకనిని అడిగితిని. అతడు కంప్యూటరు పనిలో నున్నవాడు. "ఉన్నది మాస్టారూ, మీ వ్యాకరణసూత్రముల వలెనే యుండును" అని ఆ గ్రంథమును తెరచి చూపెను. దాని పేరు ఐకేలెండర్. 1998వ సంవత్సరము నవంబరులో ఇది మొదట వెలువడినది. దీనిని కూర్చినవారిద్దరు: ఒకరు లోటస్ కంపెనీవారు, ఒకరు మైక్రోసాఫ్ట్ కంపెనీవారు. అంగడిలో పోటీపడు రెండు కంపెనీలవారు ఒక్క పీటమీద కూర్చుండి ఒక లిపిని నిర్ణయించుట నాకు మిక్కిలి నచ్చినది. 2009వ సంవత్సరమున దానిని సవరించి మరల ప్రకటించిరి. ఇంటర్నెట్టు నియమములను నిర్ణయించు ఐ.ఇ.టి.ఎఫ్. అను సభ దానిని ప్రకటించినది. ఎవరైనను రూక చెల్లింపకయే చదువవచ్చును; దానిననుసరించి యాప్ చేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

అందలి విధానము సులభము. జరుగబోవు సంగతికి వీఈవెంట్ అని పేరు. చేయవలసిన పనికి వీటూడూ అని పేరు. పెండ్లి మొదటిది; రక్తపరీక్ష చేయించుట రెండవది. ప్రతిదానికి మొదలు, తుది తెలుపు పంక్తులుండును. నడుమ ఎప్పుడు, ఎచ్చట, ఎన్నినాళ్లకొకసారి, ముందుగా ఎంతసేపటికి గంట మ్రోగవలెను అను పంక్తులుండును. పనికి గడువు చెప్పు పంక్తియు, ముగిసినదో లేదో చెప్పు పంక్తియు వేరుగా గలవు. అన్నిటికంటె ముఖ్యమైనది యూఐడీ యను పంక్తి. అది ఆ సంగతికి పెట్టిన మారని పేరు. తేదీ మారినను, చోటు మారినను ఆ పేరు మారదు. కావుననే నా ఫోనులోని పరీక్షయు, మా అమ్మాయి కంప్యూటరులోని పరీక్షయు ఒక్కటేయని యంత్రములు గుర్తింపగలవు.

తెలుగువారికి పనికివచ్చు చిన్న విషయమొకటి. ఈ లిపిలో ఒక్కొక పంక్తి డెబ్బదియైదు బైట్లకు మించరాదు. మించినచో మడచి క్రింది పంక్తిలో వ్రాయవలెను. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు ఒక్కొక్కటికి మూడేసి బైట్లు కావలెను. కావున మన పంక్తి త్వరగా మడతపడును. ఆ మడత ఒక్కొకసారి అక్షరము నడుమనే పడవచ్చును. చదువు యాప్ ముందుగా మడత విప్పి పిమ్మట అక్షరములు కూర్చవలెనని గ్రంథము చెప్పుచున్నది. అట్లు చేయని యాప్‌లలో మన మాటలు ముక్కలై, ప్రశ్నార్థకపు గుర్తులుగా కనబడును. అది తెలుగు దోషము కాదు. ఆ యాప్ వ్రాసినవారు సూత్రమును సరిగా చదువని దోషము.

లిపి మాత్రమే చాలునా? ఉత్తరము వ్రాయుట ఒకటి, చేర్చుట మరియొకటి. చేర్చు పద్ధతికి కాల్‌డావ్ అని పేరు. అది 2007వ సంవత్సరము మార్చిలో ప్రకటింపబడినది. సర్వరనబడు ఒక కంప్యూటరునందు మన సంగతులన్నియు ఒక్కొక్కటి ఒక్కొక చీటీగా నుండును. ఫోను అప్పుడప్పుడు పోయి, క్రిందటిసారి వచ్చిన పిమ్మట ఏ చీటీలు మారినవని అడిగి, మారినవానిని మాత్రము తెచ్చుకొనును.

ఇద్దరు ఒకే చీటీని దిద్దినచో ఏమగును? ఇందులకు చక్కని యేర్పాటు గలదు. చీటీ మారినప్పుడెల్ల సర్వరు దానిపై క్రొత్త ముద్ర వేయును. నేను దిద్దిన చీటీని పంపునప్పుడు, నేను చూచిన ముద్రను గూడ చెప్పవలెను. ఇంతలో మా అమ్మాయి దానిని దిద్దియున్నచో ముద్ర మారియుండును. సర్వరు నా చీటీని త్రిప్పిపంపును. అప్పుడు నా ఫోను క్రొత్తచీటీని చదివి సమాధానపడవలెను. ఒకరి వ్రాతను మరియొకరు తెలియక తుడిచివేయు ప్రమాదము ఇట్లు తప్పును.

మా అబ్బాయి అమెరికాలో చికాగో పట్టణమున నున్నాడు. ప్రతి ఆదివారము ఇక్కడి సాయంకాలము ఏడుగంటలకు మాతో మాటలాడును. అక్కడ మార్చి రెండవ ఆదివారమున గడియారములను ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారమున ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. కావున మన ఏడుగంటలు వారికి వేసవిలో ఉదయము ఎనిమిదిన్నర, చలికాలమున ఏడున్నర. చీటీలో గంటతోపాటు అది ఏ దేశపు గంటయో గూడ వ్రాయుదురు. ఏషియా, కోల్‌కతా యని మన కాలమునకు గుర్తు. అందుచేత వాని ఫోను తానే లెక్కచూచుకొని సరియైన వేళకు మ్రోగును.

ఇక తద్దినముల మాట. ఇక్కడ ఈ యంత్రవిద్యకును ఒక హద్దు కనబడినది. ప్రతిసంవత్సరము ఆశ్వయుజ బహుళ ద్వాదశి యని చీటీలో వ్రాయుటకు వీలులేదు. 2015వ సంవత్సరమున చీనావారి మాసములను, యూదుల మాసములను ఆవృత్తిలో చెప్పుటకు వీలుగా ఒక అనుబంధమును చేర్చిరి. మన శకవర్షపు జాతీయ కేలెండరుకు గూడ ఆ పట్టికలో పేరున్నది. తిథులను లెక్కించు మన చాంద్రమానమునకు లేదు. తిథి సుమారు పందొమ్మిది గంటల మొదలు ఇరువదియారు గంటల వరకు పెరిగి తరుగుచుండును. శ్రాద్ధమునకు అపరాహ్ణవ్యాప్తి చూడవలెను. చికాగోలో మధ్యాహ్నమగునప్పటికి ఇక్కడ అర్ధరాత్రి. ఒకే తిథి అక్కడ వేరొక తేదీని పడవచ్చును. కావున నేను ఉగాదినాడు పంచాంగము ముందు పెట్టుకొని, మాకొక తేదీ, వానికొక తేదీ లెక్కకట్టి చీటీలలో వ్రాయుదును. ఆ లెక్క పండితుని పని. దానిని సముద్రము దాటించి వేళకు గుర్తుచేయుట యంత్రము పని. ఎవరి పని వారు చేసిన చిక్కులేదు.

ఇప్పుడు మా యింట జరుగుచున్న పద్ధతి చెప్పెదను. అరచేతిలో నిముడు చిన్న కంప్యూటరొకటి నా పుస్తకముల బీరువాలో నున్నది. అందు రాడికేల్ అను ఉచితమైన సర్వరును నా శిష్యుడు పెట్టినాడు. మా అమ్మాయి ఐఫోనుకు కాల్‌డావ్ పుట్టుకతోనే తెలియును. ఖాతా వివరములిచ్చిన చాలును. నాది ఆండ్రాయిడ్ ఫోను. దానికి డావ్‌ఎక్స్‌ఫైవ్ అను మధ్యవర్తి కావలసివచ్చినది. పనుల పట్టికకు వేరొక యాప్ పెట్టుకొంటిమి. కంప్యూటరులో థండర్‌బర్డ్ చాలినది. ఇంటిలో సర్వరు పెట్టుకొనలేనివారు కాల్‌డావ్ నంగీకరించు సంస్థయొద్ద రుసుము చెల్లించి ఖాతా తీసికొనవచ్చును.

లోపములను దాచను. అన్ని యాప్‌లును పనులచీటీలను చదువవు. కొన్ని పెండ్లిని చూపి పరీక్షను విడిచిపెట్టును. మరల మరల వచ్చు పనిని ముగిసినదని గుర్తుపెట్టినప్పుడు, తరువాతి గడువును ఒక్కొక యాప్ ఒక్కొక తీరున లెక్కించును. కావున నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. ఒక ఫోనులో వ్రాసి మరియొక ఫోనులో చూడుడు; అక్కడ తేదీ దిద్ది ఇక్కడ చూడుడు; పిమ్మట అన్నిటిని ఒక ఫైలుగా దింపి, వేరొక యాప్‌లో తెరువుడు. తెరచుకొన్నచో ఆ వ్రాత మీది. తెరచుకొననిచో అది ఎంత అందమైన యాప్ అయినను మీ యింటి ప్రాణముల నందులో వ్రాయకుడు. మరియొక మాట: సర్వరు చెడినచో చీటీలు పోవును. మేము నెలకొకసారి ఆ ఫైలును వేరొకచోట దాచుచున్నాము. రక్తపరీక్ష తేదీని మాత్రము గోడకేలెండరు మీద గూడ ఎర్రసిరాతో వ్రాయుచున్నాను. నన్ను చూచి పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు.

ఇప్పుడు పరీక్షనాడు నా ఫోనే కాదు, అమ్మాయి ఫోనును, అబ్బాయి ఫోనును మ్రోగును. ఒక ఫోను మూగపోయినను రెండు మిగిలియుండును. పరీక్ష చేయించుకొని వచ్చి నా భార్య తానే ఆ పనిని ముగిసినదని గుర్తుపెట్టును. అబ్బాయి నిద్రలేచి ఆ గుర్తును చూచుకొనును. మునుపు "అమ్మ పోయివచ్చినదా?" అని అర్ధరాత్రి పలుకరించెడివాడు, ఇప్పుడు ఆ భయము తగ్గినది.

మీ యిండ్లలో మందుల వేళలు, పిల్లల పరీక్షలు, పెద్దల తిథులు ఏ యంత్రమున వ్రాసియున్నవో నేటి రాత్రి ఒకసారి చూచుకొనుడు. ఆ యంత్రము రేపు మూగపోయిన, ఆ వ్రాతను మరియొకరు చదువగలరా యని విచారింపుడు. ఇంతకంటె నేను కోరునది లేదు.