విద్యుత్ సంగీతము – ఋణస్మరణ
(తొరపాడిలో మన సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన పిల్లలు కొందరు కంప్యూటరు ముందు కూర్చుండి ఒక విధమైన సంగీతమును కల్పించుచున్నారు. అందు పల్లవి లేదు, తాళము లేదు. ఒక నాదము నెమ్మదిగా వ్యాపించి, మారీ మారనట్లు మారుచు, గదియంతయు నిండి యుండును. దీనిని యాంబియెంట్ సంగీతమందురు. పరిసర సంగీతమని మనము చెప్పుకొనవచ్చును. ఉగాది సభలో దీనికి అరగంట కాలమీయవలెనని పిల్లలు కోరిరి. పెద్దలు కొందరు రెండు ఆక్షేపణలు తెలిపిరి. ఇది సంగీతమే కాదనుట మొదటిది. పరులను చూచి చేసినదనుట రెండవది. వీనిని గూర్చి మాకు తోచినది మనవి చేయుదుము.

మొదటి ఆక్షేపణకు తంబురయే సమాధానము. కచేరికి ముందే మ్రోగ నారంభించి, ముగియువరకు ఆగని ఆ నాలుగు తంత్రుల నాదమున పల్లవియు లేదు, తాళమును లేదు. అయినను అది లేనిదే పాట నిలువదు. వెనుకనుండు అట్టి నాదమునే పిల్లలు ముందునకు తెచ్చి వినిపించుచున్నారు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తయు కాదు. 1946లో అహ్మదాబాదు వాసియైన గీతా సారాభాయి అమెరికాలో జాన్ కేజ్ అను స్వరకర్తవద్ద పాశ్చాత్య సంగీతము నేర్చి, ప్రతిగా అతనికి మన సంగీతమును నేర్పెను. మనస్సును శాంతపరచుటయే సంగీత ప్రయోజనమని ఆమె తన గురువువద్ద విన్న మాటను కేజ్ తరువాత పలుమారులు స్మరించెను. 1969లో కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాదునకు వచ్చి, జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరు అను విద్యుత్ వాద్యముతో స్టూడియో నెలకొల్పుటకు తోడ్పడెను. అందు గీతా సారాభాయి, అతుల్ దేశాయి, ఐ. ఎస్. మాథుర్, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా మున్నగువారు ప్రయోగములు చేసిరి. 1972 వరకు సాగిన ఆ కృషి టేపులలో మరుగుపడి యుండి, 2023లో రికార్డుగా వెలువడెను. మన మిచ్చిన విద్య ఇరువదిమూడేండ్లకు వడ్డీతో తిరిగి వచ్చినట్లే గదా!

ఇక రెండవ ఆక్షేపణ. వర్తకులమైన మాకు అప్పు సంగతి తెలియును. అప్పుపై సరుకు తెచ్చుట తప్పు కాదు. పద్దు వ్రాయకుండుట తప్పు. 1978లో ఈ సంగీతమునకు యాంబియెంట్ అను పేరు పెట్టిన ఇంగ్లండు దేశస్థుడు బ్రయన్ ఈనో, అంతకు ముందు 1975 నాటి తన రికార్డుపైననే ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ పేరును వ్రాసి యుంచెను. భోజనవేళ కత్తుల, ఫోర్కుల చప్పుళ్లతో కలిసిపోవు సంగీతమును సాటీ ముందే కోరెనని అందు తెలిపెను. పద్దు వ్రాయుట యనగా ఇదియే.

మన చెంతనే మరింత గొప్ప ఉదాహరణము కలదు. వేలూరికి తూర్పున నున్న వాలాజాపేట వేంకటరమణ భాగవతులు త్యాగరాజస్వామి శిష్యులు. వారి మాతృభాష సౌరాష్ట్రము. అయినను గురువుగారి తెలుగు కృతులను వ్రాసి భద్రపరచిరి, గురుస్తుతిని రచించిరి. తమది కాని భాషలోని ధనమును, ఇచ్చినవారి పేరు చెరపక, తరువాతి తరములకు అందించిరి. తమిళ సోదరుల నడుమ తరతరములుగా బ్రదుకుచున్న మనకు ఇంతకన్న వేరు పాఠమేల?

కావున పిల్లలకు మా మాట: ఎవరి సంగీతము విని నేర్చితిరో వారి పేరులను ఉగాది ఆహ్వానపత్రికలో తెలుగున అచ్చువేయించుడు. యంత్రము ముట్టుటకు ముందు తంబురకు శ్రుతి కూర్చుట నేర్వుడు.

పెద్దలకు మా విన్నపము: ఆ అరగంట ఇచ్చి, తుదివరకు కూర్చుండి వినుడు. నచ్చకున్నచో పిమ్మట నిర్మొగమాటముగా చెప్పుడు. వినకయే త్రోసిపుచ్చినచో పిల్లలు సంగీతమును మానరు; మన సభను మానుదురు. వారు చేరు సభలో తెలుగు వినబడదు.