ఒరిబి గండిలో ఒక రోజు



నన్ను సాహిత్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బడిపిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. నా తెలుగు తల నెరసిన తరువాత సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. సాహిత్యం నేను మోయలేను. అందుచేత నిరుడు జూలై సెలవులలో మా కుటుంబం నడిచి వచ్చిన ఒక నదీలోయ సంగతి చెబుతాను. తప్పులు దొర్లితే మా పంతులమ్మగారిని అనకండి, అవి నావే.

ఒరిబి గార్జ్ మీలో చాలామందికి తెలుసు. డర్బన్ నుంచి దక్షిణంగా సముద్రం పక్కనే పోర్ట్ షెప్‌స్టన్ దాకా పోయి, అక్కడినుంచి 20 కిలోమీటర్లు లోపలికి పోవాలి. మ్జిమ్‌కుల్వానా అనే నది ఇసుకరాతి కొండను కోసుకుంటూ పోయింది. లోయ పొడవు సుమారు 24 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 400 మీటర్ల దాకా ఉంటుంది. అడుగున కనిపించే గ్రానైటు రాయి వయసు 100 కోట్ల ఏళ్ళ పైమాట. లెక్కల పంతులును గనుక ఈ అంకెలు చెప్పకుండా ఉండలేను.

మేము ఐదుగురం. నేను, నా భార్య, కొడుకు, కోడలు, పదేళ్ళ మనుమరాలు. గది మాట్లాడింది కోడలే. హూపో జలపాతం దాకా పోయి రావడం సుమారు 7 కిలోమీటర్లు. దారి నది పక్కనే పోతుంది. పొద్దున చలి, చెట్లకింద చీకటి. సమాంగో కోతులు పైనుంచి మమ్మల్ని చూసి అరిచాయి. ఆకుపచ్చ తురాకో పిట్ట ఒకటి ఎగిరినప్పుడు రెక్కలలో ఎర్రరంగు మెరిసింది. నా భార్య అక్కడే నిలబడిపోయింది, ఎంత పిలిచినా కదలలేదు.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. మనుమరాలు పరుగున పోయి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. "చదవకు!" అని అరిచాను. అందరూ నావైపు చూశారు. ఆ బోర్డులో ఉన్నది నీళ్ళలో బిల్హార్జియా ఉంది, ఈదవద్దు అని మాత్రమే. నత్తలవల్ల వచ్చే జబ్బు అది.

"ఎందుకరిచావు తాతా?" అంది పిల్ల. తరువాత చెబుతానన్నాను.

నది మధ్య పెద్ద బండమీద కూర్చుని, బంగాళాదుంప కూర పెట్టిన రొట్టెలు తింటూ చెప్పాను. నా కొడుక్కు కూడా అంతవరకు చెప్పని సంగతి.

1969లో నాకు తొమ్మిదేళ్ళు. మేముండిన చెరకు తోట ఈ లోయకు 30 కిలోమీటర్ల లోపే. నాయన ఒక పాత కారు కొన్నారు. మొదటి ఆదివారం అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టుకుని లోయ చూపిస్తామని బయలుదేరారు. అవ్వ చిన్నపిల్లగా ఓడలో వచ్చిన మనిషి. ఇంగ్లీషు అక్షరం రాదు. మలుపులో లోయ కనబడగానే "అబ్బా, ఎంత గండి!" అంది. మేము పిల్లలం పకపక నవ్వాము. మాకు గండి అంటే మా ఇంటి కంచెకు పడిన కంత, దానిలోనుంచి కోళ్ళు పోయేవి.

కొంచెం ముందుకు పోతే చెట్లకింద బల్లలు వేసిన చోటు ఒకటి వచ్చింది. నాయన కారు ఆపారు. నేను బడిలో బాగా చదివే పిల్లవాణ్ణి, బోర్డు కనిపిస్తే పైకి చదవడం నా గొప్ప. ఆ బోర్డు కూడా పైకి చదివాను. తెల్లవారికి మాత్రమే అని ఉంది.

"ఏమంటున్నాడు వాడు?" అని అవ్వ అడిగింది.

"కారు వేడెక్కిందమ్మా, ఇక్కడ ఆగితే మళ్ళీ కదలదు" అన్నారు నాయన. రోడ్డు పక్కనే కారులో కూర్చుని రొట్టెలు తిని ఇంటికి తిరిగాము. దారి పొడవునా ఎవరూ మాట్లాడలేదు. అవ్వ ముందు నాయన పరువు నేనే తీశాననిపించింది. ఆ తరువాత బడిలో తప్ప ఎక్కడా బోర్డు పైకి చదవలేదు.

1953లో వచ్చిన ఆ చట్టాన్ని 1990లో రద్దు చేశారు. అప్పుడు నాకు ముప్పై. ఇంకా ముప్పై ఏళ్ళు దాటినా నేను ఆ లోయకు పోలేదు. పిల్లలు అడిగినప్పుడల్లా పని ఉందనో, కారు బాగాలేదనో చెప్పాను. కారు మాట నాయన దగ్గర నేర్చుకున్నదే.

సాయంకాలపు తరగతిలో ఒకరోజు గండికోట పాఠం వచ్చింది. కడప జిల్లాలో పెన్నా నది కొండను చీల్చుకుని పోయే చోటు అది. అలాంటి నదీమార్గాన్ని గండి అంటారని పంతులమ్మగారు చెప్పారు. అవ్వ సరిగ్గానే చెప్పింది, నవ్వింది మేమే. అప్పటికి ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ రాత్రే కోడలికి ఫోను చేసి గది మాట్లాడమన్నాను.

నా కొడుకు ఏమీ అనలేదు. నా చేతిలోని సంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. మనుమరాలు మాత్రం "కారు నిజంగా వేడెక్కిందా తాతా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను.

జలపాతం దగ్గర నీళ్ళు సన్నగా ఉన్నాయి, ఎండాకాలంలో వానలు పడితేనే దాని గొప్ప. తిరుగుదారిలో పాచిరాతిమీద నా కాలు జారి మోకాలు గీరుకుంది. నాలుగు గంటల నడక మాకు ఆరు గంటలు పట్టింది. మీరు పోతే తొమ్మిదిలోపు బయలుదేరండి, జూలైలో లోయలోకి నీడ తొందరగా దిగుతుంది. చేతికర్ర, తాగే నీళ్ళు మరచిపోవద్దు. బయటికి వచ్చేటప్పుడు పిల్ల ఆ బోర్డు ముందు ఆగి నావైపు చూసింది. చదవమన్నాను. మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివింది.