మన కొండదారులు: ఎవరికి ఎంత చూపాలి?



నల్లమలలో బయటివాళ్ళకు పెద్దగా తెలియని నడకదారుల గురించి, అక్కడి రాళ్ళ గురించి చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము చదువుకున్న శాస్త్రవేత్తలం కాదు. చెంచు పిల్లలం. కొంతమందిమి కాలేజీకి పోయి వచ్చాం, కొంతమందిమి మధ్యలో మానేశాం. గత కొన్నేళ్ళుగా వచ్చిన వాళ్ళను అడవిలో నడిపిస్తున్నాం. ఆ నడకలో మాకు తెలిసింది, మాకు ఎదురైన చిక్కు ఈ రోజు మీ ముందు పెడతాం.

మన్ననూరు, ఫరహాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం అందరికీ తెలిసినవే. సలేశ్వరం కూడా తెలుసు గానీ, చైత్ర పౌర్ణమి చుట్టూ ఆ కొద్ది రోజులే. లింగమయ్యను పిలుచుకుంటూ వేలమంది ఆ లోయలోకి దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. మిగతా ఏడాదంతా అక్కడ మనుషుల అలికిడి ఉండదు. మేము చెప్పేది వీటి మధ్య ఉన్న దారుల గురించి. ఒక పెంట నుంచి ఇంకో పెంటకు, పెంట నుంచి తేనెబండకు, తేనెబండ నుంచి చెలమకు పోయే కాలిబాటలు. వానాకాలంలో గడ్డి కమ్మేస్తుంది. ఎండాకాలం వస్తే మళ్ళీ తేలతాయి.

ఈ దారులు ఇట్లా ఎందుకు వంకరలు తిరుగుతాయో మాకు మొదట తెలియదు. ఒకసారి రాళ్ళ మీద చదువు చదివిన ఒక సారు మాతో నడిచాడు. ఆయన దారిలో ఒక బండ దగ్గర కూర్చుని చేత్తో తడిమి చూపించాడు. బండ మీద చిన్న చిన్న అలలు. ఏటి ఒడ్డున ఇసుక మీద నీళ్ళు గీసినట్టే ఉన్నాయి. మేము చిన్నప్పటి నుంచి ఆ బండ మీద కూర్చుని ఇప్పపూలు ఎండబెట్టినవాళ్ళం. అది ఒకప్పటి ఇసుక అని, వంద కోట్ల ఏళ్ళకు పైబడిన నీటి గుర్తు అని ఆ రోజే విన్నాం. ఆ ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. శాస్త్రం చదివినవాళ్ళు దాన్ని శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు. అమ్రాబాద్ పీఠభూమి నెత్తి మీద టోపీలాగా ఉన్నది ఆ రాయే.

పీఠభూమి అంచు నుంచి ఉత్తరం వైపు, అచ్చంపేట మైదానం దిక్కుకు దిగండి. పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. దాని అడుగున కొన్నిచోట్ల గులకరాళ్ళు అతుక్కున్న బండ. దాని కింద గ్రానైట్. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దానికీ పైనున్న ఇసుకరాయికీ మధ్య కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది. ఆ కాలపు రాయి అక్కడ లేదు. రెండూ కలిసే చోట చెయ్యి పెట్టి చూపిస్తే పట్నం పిల్లలు కాసేపు మాట్లాడరు. (తర్వాత సెల్ఫీ దిగుతారు, అది వేరే సంగతి.)

ఇక నీళ్ళు. క్వార్ట్‌జైట్ గట్టిదే, కానీ నిండా పగుళ్ళు. వాన నీళ్ళు ఆ పగుళ్ళలో దిగి, కింద దిగనియ్యని రాయి తగిలితే పక్కకు తిరిగి చరియ అడుగున ఊట కడతాయి. ఉమామహేశ్వరంలో కొండచరియ కింద పాపనాశనం ఏడాదంతా ఊరేది చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. అట్లాంటివే చిన్నవి, పేరు లేనివి, దోసిలి పట్టేంత చెలమలు అడవిలో ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వాగులన్నీ ఎండినప్పుడు మనకూ, కణుజుకూ, ఎలుగుకూ అవే దిక్కు. మన దారుల వంకరలన్నీ ఆ చెలమల కోసమే. మా తాత ఒక్క ముక్కలో చెప్పాడు: "రాయి యాడ తడుస్తదో కాళ్ళు ఆడికే పోతయి బిడ్డా."

ఇప్పుడు చిక్కు చెబుతాం.

ఒక వేసవిలో పట్నం నుంచి ఒక బృందం వచ్చింది. మంచివాళ్ళే. డబ్బు కూడా ఒప్పుకున్నదానికన్నా ఎక్కువే ఇచ్చారు. వాళ్ళలో ఒకాయన నడిచిన దారంతా ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, చెలమ ఉన్న చోటు ఫొటోతో సహా నలుగురికీ పంపాడు. నెల తిరక్కుండా వేరేవాళ్ళు, ఎవరినీ అడగకుండా, మనిషి తోడు లేకుండా ఆ చెలమ దగ్గరికి పోయారు. గిన్నెలు తోమారు. సబ్బు నురగ, నూడుల్స్ కవర్లు, పగిలిన సీసా. మేము వెళ్ళి మొత్తం తోడి పోశాం. మళ్ళీ ఊరడానికి రెండు రోజులు పట్టింది. ఆ వేసవి మిగిలినన్నాళ్ళు అక్కడ కణుజు అడుగు కనిపించలేదు. దాన్ని చూపించింది మేమే. ఆ తప్పు మాదే.

ఆ రాత్రి పెంటలో మాటామాటా పెరిగింది. ఇక ఎవరినీ తేవద్దన్నారు పెద్దలు. నడిపిస్తే వచ్చే రోజుకూలి పిల్లల ఫీజులకు పనికొస్తోందని మేమన్నాం. ఒక అవ్వ లేచి తేనె సంగతి ఎత్తింది. తేనెబండకు దిగేటప్పుడు పైన తాడు ఎవరు పట్టుకుంటారు? బావమరిది. తన అక్కాచెల్లెలి పసుపుకుంకుమలు పోగొట్టుకోడు కాబట్టి. "మీరు తాడు ఎవరి చేతిల పెడుతున్నరు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఇంకో మాట కూడా ఉంది. గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చునే ఆ సందులోనే యురేనియం ఉంటుందట. నల్లగొండ వైపు లంబాపూర్, పెద్దగట్టులో దొరికింది అట్లాంటి చోటే. 2019లో అమ్రాబాద్‌లో వెతుకుతామంటే మనమంతా రోడ్డెక్కాం. ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మన చెలమ ఊరే రాయిని చూసే కళ్ళు ఎన్ని రకాలో అప్పుడు తెలిసింది. అందుకే ఏ చోటు పటంలోకి ఎక్కాలనేది చిన్న విషయం కాదని మా అభిప్రాయం. 2006 అటవీ హక్కుల చట్టం ఆవాసం మీద మనబోటి ఆదిమ తెగలకు హక్కు ఇచ్చింది. జీవవైవిధ్యంతో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద కూడా సామూహిక హక్కు ఉందని రాసింది. చెలమ తెలిసి ఉండటం ఆ జ్ఞానం కాకపోతే మరేది?

చివరికి తేలింది ఇది. నడక ఆపలేదు. అయితే అడవి శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే, పెంట మనిషి తోడుగానే. ఇది 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అడవి, ఊరికే తిరిగే చోటు కాదు. అలల బండ చూపిస్తాం, రెండు రాళ్ళు కలిసే చరియ చూపిస్తాం, ఎంతసేపైనా కూర్చోనిస్తాం. నీళ్ళు మాత్రం పెంట నుంచే మోసుకుపోతాం. బయలుదేరే ముందు ఫోన్లో దారి గుర్తు ఆపేయమని అడుగుతాం. ఒప్పుకోని వాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనక్కి పోయారు. పోనిచ్చాం.

ఇంకా తేలనిది ఒకటుంది. ముసలివాళ్ళకే తెలిసిన చెలమలు కొన్ని ఉన్నాయి. మా వయసువాళ్ళలో చాలామందికి వాటి దారి తెలియదు. రాసి పెడితే బయటికి పోతుంది, రాయకపోతే పెద్దలతోనే పోతుంది. అందుకని ప్రతి పెంట నుంచి ఒక పెద్దమనిషి, ఒక పిల్లో పిల్లగాడో రావాలని అడుగుతున్నాం. ఉగాది లోపల, వాగులు పూర్తిగా ఎండక ముందే కలిసి నడుద్దాం. కాగితం, ఫోను తేవద్దు. గొడ్డలి, సద్దిమూట చాలు. పేర్లు ఇచ్చేవాళ్ళు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.