పక్షవాతం: గడియారం మన పొలంలోనే మొదలవుతుంది

(అమరాపురం మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధరల గురించి, బోర్ల గురించి, కరెంటు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు పక్షవాతం గురించి మాట్లాడతాను. ఇది రైతు సంఘం పనేనా అని కొందరికి అనిపించొచ్చు. పనిచేసే మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో సేద్యం ఆగిపోతుంది. చూసుకునేందుకు ఇంకో మనిషి కూలి మానుకోవాలి. మందులకు అప్పు, అప్పుకు వడ్డీ. పంట పోతే వచ్చే ఏడు మళ్లీ వేస్తాం. చెయ్యీ కాలూ పోతే ఏం వేస్తాం? అందుకే ఇది మన సంగతే.

పక్షవాతం గాలి సోకడం కాదు, దిష్టి కాదు. మెదడుకు రక్తం అందకపోవడం. మన డ్రిప్పు పైపు రెండు రకాలుగా చెడుతుంది. చెత్త అడ్డుపడి నీళ్లు ఆగడం ఒకటి, ప్రెషరు ఎక్కువై పైపు పగలడం రెండోది. మెదడు రక్తనాళాలూ అంతే. ఎక్కువ మందికి రక్తం గడ్డ అడ్డుపడుతుంది. కొందరికి నాళం చిట్లుతుంది. వక్క చెట్టు నీళ్లు లేకున్నా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, మెదడు ఓర్చుకోదు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీ కణాలు చచ్చిపోతాయని డాక్టర్లు లెక్కగట్టారు.

గుర్తుపట్టడం ఎట్లా? మనిషిని నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందేమో చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకోమనండి, ఒక చెయ్యి కిందికి జారుతుందేమో చూడండి. 'మాది అమరాపురం' అని చెప్పమనండి, మాట ముద్దగా వస్తే, మాట రాకపోతే, మనం చెప్పేది అర్థం కాకపోతే అనుమానించండి. ఉన్నట్టుండి చూపు పోవడం, నడుస్తూ తూలిపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి రావడం కూడా గుర్తులే. వీటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా వచ్చినా చాలు, అన్నీ వచ్చేదాకా చూడొద్దు. పది నిమిషాల్లో తగ్గిపోయినా ఇంట్లో ఉండిపోవద్దు. అది పెద్దది వచ్చే ముందు హెచ్చరిక కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

గడ్డ అడ్డుపడిన వాళ్లకు దాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. మామూలుగా అది లక్షణం మొదలైన 4.5 గంటల లోపల పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. నాళం చిట్లిన మనిషికి అదే ఇంజెక్షను ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రకమో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, సీటీ స్కాన్ తీయాల్సిందే. అందుకని స్కాన్ లేని చోటికి పోయి కూర్చుంటే టైము వృథా. పెద్ద గడ్డ అయితే బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట్ల సన్నని గొట్టం పంపి తీసేస్తారు. కొందరికి అది 24 గంటల దాకా కూడా పనికొస్తుంది. కాబట్టి ఆలస్యమైందని ఆశ వదులుకోవద్దు.

ఈ 4.5 గంటలు ఆసుపత్రి గేటు దగ్గర మొదలు కావు, మన చేలోనే మొదలవుతాయి. నాటు మందుకు, తాయెత్తుకు, ఊళ్లో సూదికి ఒక్కో గంట పోతే మిగిలేదేముంది? మనిషి చివరిసారి బాగున్నది ఎప్పుడో గుర్తుపెట్టుకోండి. నిద్రలో వచ్చి ఉంటే పడుకున్న టైము చెప్పండి. డాక్టరు మొదట అడిగేది అదే. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనది సరిహద్దు మండలం. సెల్లు కర్ణాటక టవరు పట్టుకుంటే ఫోన్ అటు పోవచ్చు. ముందే ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం స్పష్టంగా చెప్పండి.

బండి వచ్చేలోపు నీళ్లు, కాఫీ, మాత్ర ఏదీ నోట్లో వేయొద్దు, గొంతులో అడ్డుపడుతుంది. ఆస్ప్రిన్ కూడా వద్దు, నాళం చిట్లి ఉంటే ఇంకా రక్తం కారుతుంది. వాంతి వచ్చేటట్టుంటే, స్పృహ తప్పితే, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రోజూ వాడే మందుల చీటీ, ఆధార్, వైద్య సేవ కార్డు వెంట తీసుకోండి. అవి వెతకడానికి బండిని మాత్రం ఆపొద్దు.

ఇక రాకుండా చూసుకోవడం. 32 దేశాల్లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2016లో వచ్చింది. పక్షవాతాల్లో పదింట తొమ్మిది మనం సరిదిద్దుకోగల పది కారణాలకు ముడిపడి ఉన్నాయని అది తేల్చింది. అన్నింటికంటే పెద్దది బీపీ. ఆ తర్వాత షుగరు, పొగ, మద్యం, కొవ్వు, గుండె జబ్బు, మనసులో దిగులు వంటివి. అప్పుల దిగులు కూడా అందులోదే.

'కష్టం చేసే ఒంటికి బీపీ రాదు' అనేవాళ్లు మనలో చాలామంది. అది నిజం కాదు. వేరుశనగకు తెగులు వస్తే ఆకు మీద కనబడుతుంది. బీపీ వస్తే ఏమీ కనబడదు, పట్టీ కట్టి చూస్తేనే తెలుస్తుంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూపించుకోండి. రెండు మూడు సార్లు చూసినా 140/90 దగ్గరే, ఆపైనే ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర మొదలుపెట్టండి. తల తిరగడం లేదు కదా అని ఆపొద్దు. మాత్ర వేసుకుంటున్నందుకే అది అదుపులో ఉంది. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దు. సంగటిలోకి ఊరగాయ, మజ్జిగలోకి ఊరమిరపకాయ, వీటిలోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే. వక్క తోటలు మనవే అయినా ఆకువక్కలో పొగాకు వద్దు, బీడీ వద్దు.

చివరగా సంఘం చేయాల్సింది. మడకశిర, హిందూపురం, పెనుకొండ సర్కారు ఆసుపత్రుల్లో ఎక్కడ రాత్రీ పగలూ సీటీ స్కాన్ తీస్తారు, ఎక్కడ ఈ ఇంజెక్షను ఇస్తారు? సమాచార హక్కు చట్టం కింద ఈ రెండు ప్రశ్నలూ అడుగుదాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబును ప్రతి ఊళ్లో పాల కేంద్రం గోడ మీద రాయిద్దాం. దగ్గర్లో ఎక్కడా లేదని తేలితే, ధర కోసం కూర్చున్నట్టే దానికోసమూ కలెక్టరు ఆఫీసు ముందు కూర్చుందాం. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ తమ బీపీ ఎంతో చీటీ మీద రాసుకుని రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.